పరుగెత్తి కళాశాల చేరినవారు

ఇతర దేశములలో పరుగుపందెగానికి ఆశ్రయము క్లబ్బో, సైన్యమో, ప్రభుత్వోద్యోగమో అగుచుండగా, అమెరికా సంయుక్త రాష్ట్రములలో మాత్రము ఆ యాశ్రయము విశ్వవిద్యాలయమై యుండుట మనవారికి వింతగా తోచును. మన దేశమున చక్కగా పరుగెత్తగల పల్లెటూరి బాలుడు పటాలమునో, పోలీసు కొలువునో, రైల్వేలోని క్రీడాకారుల కోటానో తలచుకొనును. అచటి బాలుడు, ఉన్నత పాఠశాలలో పదునొకండవ తరగతి చదువుచు, మైలు దూరమును 4 నిమిషముల 20 సెకండ్లలో ముగించినచో, ఆ రాత్రియే కూర్చుండి, తన్నెన్నడును చూడని దూరపు ఊళ్ల శిక్షకులకు ఆ అంకెను వ్రాసి పంపును. దానికి వచ్చు ప్రత్యుత్తరమును బట్టి అతని నాలుగేండ్ల చదువును, నివాసమును, స్నేహములును, పెక్కు పర్యాయములు అతని జీవితమార్గమును నిర్ణయమగును. సరస్వతీ మందిరమునకును పిక్కల బలమునకును ఈ ముడి ఎట్లు పడినదో, దానివలన ఎవరికి తలుపు తెరచుకొన్నదో, ఎవరికి మూసికొన్నదో విచారింపదగిన విషయము.

ఈ ముడిని ఏ విద్యావేత్తయు ఆలోచించి వేయలేదు. 1852వ సంవత్సరమున న్యూ హాంప్‌షైరు రాష్ట్రమునందలి విన్నిపెసాకీ సరస్సుపై హార్వర్డు, యేలు విద్యార్థులు పడవపందెము వేసికొనిరి. అమెరికాలో రెండు కళాశాలల నడుమ జరిగిన మొదటి పోటీ ఇదియే యని చరిత్రకారులు చెప్పుదురు. విద్యార్థుల ప్రయాణపు ఖర్చును, బసఖర్చును భరించినది ఒక రైల్వే కంపెనీ; పందెము చూడవచ్చు జనము తమ రైలెక్కవలెననియు, ఆ సరస్సు విహారస్థలముగా పేరు పొందవలెననియు ఆ కంపెనీవారి తలంపు. కావున కళాశాలల క్రీడ పుట్టిననాడే అందు వ్యాపారి చేయి యున్నది. తరువాతి తరములవారు పూర్వపు నిర్మలత్వమును తలచుకొని విలపించినప్పుడెల్ల ఈ సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనుట మేలు.

పరుగు వచ్చినది పడవల వెంటనే. 1873లో స్ప్రింగ్‌ఫీల్డు నగరమున కళాశాలల పడవపందెములు జరుగుచుండగా, న్యూయార్కు హెరాల్డు పత్రికాధిపతి జేమ్స్ గోర్డన్ బెన్నెట్ రెండు మైళ్ల పరుగునకు బహుమానము ప్రకటించెను. దానిని గెలిచినవాడు అమెరికనుడు కూడ కాడు. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు విద్యార్థి. విదేశీయులు వచ్చి మన పిల్లల స్థానములను కొల్లగొనుచున్నారని నేడచట వినవచ్చు ఆక్రోశమునకు ఎంతటి పురాతనత్వమున్నదో దీనివలన తెలియగలదు. 1875లో కొన్ని కళాశాలలు కూడి ఒక సంఘమును స్థాపించుకొని, మరుసటి యేట సారటోగాలో మొదటి పోటీలు నడిపినవి. ఆనాడు జట్టు పూర్తిగా విద్యార్థులదే. నాయకుని వారే యెన్నుకొనుచుండిరి, చందాలు వారే వేసికొనుచుండిరి, అవసరమైనప్పుడు వెలుపలి బలశాలి నొకనిని తెచ్చి, పేరునకు విద్యార్థిగా చేర్చి, పోటీకి దింపుటయు వారే చేయుచుండిరి.

అట్టి బలశాలిని బజారున వెదకుటకంటె పాఠశాలలోనే కనిపెట్టుట సుకరమని కళాశాలలవారు గ్రహించుటకు చాలకాలము పట్టలేదు. 1895లో ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు ఫ్రాంక్లిన్ మైదానమున రిలే పందెములు ప్రారంభించి, కళాశాలలతో పాటు పాఠశాలల జట్లను గూడ ఆహ్వానించిరి. ఆ పందెములు నేటికిని ప్రతి వసంతమున జరుగుచునే యున్నవి. షికాగో విశ్వవిద్యాలయమున ఏమస్ అలొంజో స్టాగ్ అను శిక్షకుడు 20వ శతాబ్దారంభమున దేశమునలుమూలలనుండి ఉన్నత పాఠశాలల పరుగువారిని రప్పించి, తన మైదానమునందే వారికి పోటీలు పెట్టెను. వచ్చిన పిల్లలు విశ్వవిద్యాలయపు భవనములు చూచి, అచటి విద్యార్థుల సాంగత్యమున కొన్ని దినములు గడిపి పోవుచుండిరి. అది ఆతిథ్యమో, ఎరయో విడదీసి చెప్పుట కష్టము. రెండును అయి యుండును. 1903లో న్యూయార్కు నగరపు ప్రభుత్వ పాఠశాలలకు వ్యాయామ సంఘమొకటి ఏర్పడి, వలస వచ్చిన నిరుపేదల బిడ్డలకు గూడ పరుగుబాట అందుబాటులోనికి వచ్చినది.

ఇంతలో అమెరికా పద్ధతి ఫుట్‌బాలు ఆటలో విద్యార్థులు ప్రాణములు కోల్పోవుచుండుట దేశమున కలవరము పుట్టింపగా, అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్టు 1905లో కళాశాలల పెద్దలను పిలిపించి మందలించెను. తత్ఫలితముగా 1906లో ఏర్పడిన కళాశాలల క్రీడాసంఘమే 1910నుండి ఎన్‌సీఏఏ యను పేర వర్ధిల్లుచున్నది. ఫుట్‌బాలు దోషములను చక్కదిద్దుటకు పుట్టిన ఈ సంఘము తన పేర జాతీయస్థాయిలో నడిపిన మొట్టమొదటి పోటీ మాత్రము ఫుట్‌బాలుది కాదు, పరుగుపందెములది. అది 1921లో షికాగోలో జరిగినది. నేడు ఆ సంఘపు ధనాగారమున పరుగువాని స్థానమెంత స్వల్పమో ఎరిగినవారికి ఈ జ్యేష్ఠత్వము విచిత్రముగా తోచును.

ఇచట పరుగుపందెమునకు గల ఒక విశేష లక్షణమును చెప్పుకొనక తప్పదు. ఫుట్‌బాలు ఆటగాని ప్రతిభను నిర్ణయించుటకు దానిని కన్నులార చూచినవాడు కావలెను. చూచినవానికి ఇష్టానిష్టములుండును, బంధుప్రీతి యుండును. పరుగువాని విషయమున సిఫారసుపత్రము గడియారమే. ఆరిగను పల్లెలోని బాలుడు పరుగెత్తిన మైలును ఫ్లారిడాలోని బాలుడు పరుగెత్తిన మైలును ఒకే కొలత. 1948లో నెల్సన్ సోదరులు ‘ట్రాక్ అండ్ ఫీల్డ్ న్యూస్’ అను పత్రికను స్థాపించి, దేశమందలి పరుగువారి కాలములను పట్టికలుగా అచ్చొత్తసాగిన పిదప, వేయి మైళ్ల దూరముననున్న శిక్షకుడు తన బల్లయొద్ద కూర్చుండియే యే యూరి యే పిల్లవాడు ఎంతటివాడో తెలిసికొనగల్గెను. చేతి గడియారమున వ్రేలి తొందరపాటువలన భిన్నాంశములలో తేడా వచ్చుట నిజమే. విద్యుద్యంత్రముల రాకతో 1977నుండి స్వల్పదూరపు ప్రపంచ రికార్డులకు చేతి గడియారపు లెక్కలు చెల్లకుండ పోయినవి. కాని మొత్తముమీద గడియారమునకు జాతి లేదు, కులము లేదు, తండ్రి ఆస్తి లేదు. అది నిష్పక్షపాతి. ఆ గడియారము ముందునకు ఎవరిని రానీయవలెను, గెలిచి వచ్చినవానికి ఏమీయవలెను అని నిర్ణయించినవారు మాత్రము నిష్పక్షపాతులు కారు. ఈ చరిత్రయంతయు ఆ రెంటి నడుమ జరిగిన పెనుగులాటయే యని నా యభిప్రాయము.

జెస్సీ ఓవెన్స్ కథ దీనికి ప్రబల నిదర్శనము. అతడు 1913లో అలబామా రాష్ట్రమున పొలము కౌలుకు చేసికొను నిరుపేద నల్లజాతి కుటుంబమున జన్మించి, బాల్యముననే తల్లిదండ్రులతో ఉత్తరమునకు, క్లీవ్‌లండు నగరమునకు, వలస వచ్చెను. బడి విడిచినంతనే పనికి పోవలసినవాడగుటచే సాయంకాలపు సాధన అతనికి సాధ్యము కాకపోగా, చార్లెస్ రైలీ యను ఉపాధ్యాయుడు ఉదయమున బడి తెరువకముందే వచ్చి అతనికి పరుగు నేర్పెను. 1933లో ఈస్ట్ టెక్నికల్ ఉన్నత పాఠశాల విద్యార్థిగా షికాగోలో జరిగిన జాతీయ పాఠశాలల పోటీలలో అతడు నూరు గజములను 9.4 సెకండ్లలో దాటెను. అది నాటి ప్రపంచ రికార్డునకు సమానము. ఇట్టి బాలునికై విశ్వవిద్యాలయములు పోటీపడుట సహజము. అతడు చేరినది ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయము. కాని ఆ కాలమున పరుగువానికి విద్యార్థివేతనము లేదు. దొరకినది పని మాత్రమే. ఓవెన్స్ రాష్ట్ర శాసనసభా భవనమున సరకుల లిఫ్టు నడుపుచు చదువుకొనెను. విద్యార్థుల వసతిగృహమున నల్లజాతివానికి చోటు లేదు. పోటీలకై జట్టుతో పోవునపుడు తెల్లవారు తిను భోజనశాలలో అతడు తినరాదు, వారు పండుకొను హోటలులో పండుకొనరాదు.

అట్టివాడు 1935 మే 25వ తేదీన మిషిగను రాష్ట్రమునందలి యాన్ ఆర్బర్‌లో, మెట్లమీద పడి నడుము నొప్పితో బాధపడుచునే బరిలో దిగి, ముక్కాలు గంట కాలములో నూరు గజముల రికార్డును సమము చేసి, దూరపు దూకుడునను, 220 గజముల పరుగునను, 220 గజముల హర్డిల్సునను నూతన ప్రపంచ రికార్డులు స్థాపించెను. అతని దూకుడు, 26 అడుగుల 8¼ అంగుళములు, పాతికేండ్లు ఎవరికిని అందలేదు. మరుసటి యేట బెర్లినులో అతడు గెలిచిన నాలుగు స్వర్ణపతకములను గూర్చి మన పాఠ్యపుస్తకములు చెప్పును. వానిని తెచ్చిన తరువాత డబ్బునకై గుఱ్ఱములతో పందెము పరుగెత్తవలసి వచ్చిన సంగతిని మాత్రము అంతగా చెప్పవు. అతడు పట్టము పుచ్చుకొనకయే విశ్వవిద్యాలయమును వీడెను. ఆ విశ్వవిద్యాలయమే 1972లో అతనికి గౌరవ డాక్టరేటు నొసగి ఆ ఋణము కొంత తీర్చుకొన్నది.

ఓవెన్స్ లిఫ్టు నడుపుటకు కొలది సంవత్సరములకు ముందే, 1929లో, కార్నెగీ సంస్థవారు నూటికి పైగా కళాశాలలను పరీక్షించి పెద్ద నివేదిక నొకదానిని ప్రకటించిరి. ఆటగాండ్రను వెదకి తెచ్చుటకును, చాటుమాటుగా డబ్బిచ్చుటకును అలవాటుపడని కళాశాలలు కొలదియే యని అందు తేలినది. నీతి పలికినవారెల్లరు మెచ్చుకొనిరి, ఆచరించినవారు అరుదు. 1948లో ఎన్‌సీఏఏ వారు, ఆటగాడైనంత మాత్రమున అదనపు సాయము చేయరాదని ఒక కఠిన నియమావళిని తెచ్చిరి. దానిని పాటింపలేమని కొన్ని కళాశాలలు బహిరంగముగనే చెప్పుటతో మూడేండ్లకే, 1951లో, అది రద్దయినది. తుదకు 1956లో, దాచి యిచ్చుటకంటె చెప్పి యిచ్చుటే మేలను నిశ్చయమునకు వచ్చి, క్రీడాప్రతిభను బట్టియే విద్యార్థివేతన మీయవచ్చునని అంగీకరించిరి. హార్వర్డు, యేలు మున్నగు ఐవీ లీగు విశ్వవిద్యాలయములు మాత్రము ఆ మార్గమున పోక, నేటికిని క్రీడకై వేతన మీయవు. తాము విత్తిన పడవపందెపు ఫలమును వారే తినకుండుట గమనింపదగినది.

వేతనపు తలుపు తెరచుకొన్న పిమ్మట కాన్సాసు రాష్ట్రమున ఒక బాలుడు కనిపించెను. జిమ్ రైయన్ అను ఆ పొడగరి పిల్లవానికి చర్చివారి బేస్‌బాలు జట్టులోగాని, చిన్న బడి పరుగు జట్టులోగాని స్థానము దొరకలేదు. విచిటా ఈస్ట్ ఉన్నత పాఠశాలలో చేరి, వేరే దిక్కులేక, ఎవరినైనను చేర్చుకొను క్రాస్ కంట్రీ జట్టులో చేరెను. అతడు పరుగెత్తిన మొదటి మైలునకు అయిదున్నర నిమిషములకు పైగా పట్టినది. అయినను శిక్షకుడైన బాబ్ టిమ్మన్సు అతనిలో ఏమి చూచెనో కాని, జట్టు బస్సులో తిరిగి వచ్చుచుండగా అతనిని పిలిచి, పాఠశాల విద్యార్థులలో నాలుగు నిమిషములకు లోపుగా మైలు పరుగెత్తు మొదటివాడవు నీవే కాగలవని చెప్పెనట. రోజర్ బానిస్టర్ 1954లో ఆ గోడను కూల్చి అప్పటికి పదియేండ్లయినను కాలేదు. 1964 జూన్ 5వ తేదీన కాలిఫోర్నియాలోని కాంప్టన్‌లో రైయన్ 3 నిమిషముల 59 సెకండ్లలో పరుగు ముగించెను. ఆ పందెమున అతనిది ఎనిమిదవ స్థానము! ఒకే పందెమున ఎనమండుగురు నాలుగు నిమిషములలోపు వచ్చిరన్నమాట. చరిత్ర సృష్టించిన బాలుడు ఎనిమిదవవాడుగా వచ్చుటలో గల సొగసు నాకు మిక్కిలి ప్రీతిపాత్రము. మరుసటి యేట అతడే, పాఠశాల విద్యార్థిగనే, ఒలింపిక్ విజేతయైన న్యూజిలండు వీరుడు పీటర్ స్నెల్‌ను సాన్‌డియేగోలో ఓడించి 3 నిమిషముల 55.3 సెకండ్లలో పరుగు ముగించెను. ఆ పాఠశాల రికార్డు 2001లో ఆలన్ వెబ్ 3:53.43 పరుగెత్తువరకు చెక్కుచెదరలేదు. రైయన్ తరువాత 1966లో ఒకడు, 1967లో మరియొకడు పాఠశాల విద్యార్థులుగా నాలుగు నిమిషముల గీత దాటిరి. అటుపిమ్మట ముప్పది నాలుగేండ్లు ఎవ్వరును దాటలేదు. అంత దీర్ఘమైన ఎడబాటునకు కారణమేమని అమెరికనులు నేటికిని వాదించుకొనుచుందురు.

రైయన్ చేరినది కాన్సాసు విశ్వవిద్యాలయము. అతని శిక్షకుడు టిమ్మన్సు అప్పటికే పాఠశాల విడిచి అచట కొలువు కుదిరి యుండెను. గురువు ముందు పోగా శిష్యుడు వెంట పోవుట ఆ దేశమున నాటినుండియు కలదు. కాని అచట మొదటి సంవత్సరపు విద్యార్థి ముందు చదువున కుదురుకొనవలెనను ఉద్దేశముతో అతనిని ప్రధాన జట్టులో ఆడనిచ్చువారు కారు. ఫలితమేమనగా, 1966 జులైలో బర్కిలీ నగరమున 3:51.3 పరుగెత్తి ప్రపంచ రికార్డు స్థాపించిన పందొమ్మిదేండ్ల రైయన్, ఆ వసంతమున తన విశ్వవిద్యాలయపు పెద్దజట్టు పక్షమున బరిలో దిగుటకు అర్హుడు కాడు! నియమము మంచిదే, పిల్లవానికి కుదురుకొనుటకు ఒక యేడు దొరకును. కాని ఆటవలన వచ్చు ఆదాయమును చూచినవారికి ఆ యేడు వృథాగా తోచినది. 1968లో పరుగు మున్నగు క్రీడలకును, 1972లో ఫుట్‌బాలు, బాస్కెట్‌బాలులకును ఆ నియమము నెత్తివేసిరి. మరుసటి యేట మరియొక మార్పు జరిగినది. నాలుగేండ్లకు ఇచ్చుచుండిన వేతనమును ఏటేట పునరుద్ధరించు పద్ధతి వచ్చి, కాలు నొచ్చిన పిల్లవాని చదువు శిక్షకుని దయపై నిలిచినది. ఈ రెండు మార్పులును చిన్నవిగా కనిపించును. విద్యార్థి కూలివాడగుటలో ఇవియే పెద్ద మలుపులని నేను తలంతును.

ఆరిగను తీరమున కూస్ బే యను కలప రేవున వడ్రంగి కుమారుడుగా పెరిగిన స్టీవ్ ప్రిఫాంటేను 1969లో రెండు మైళ్లను 8:41.5లో ముగించి పాఠశాల రికార్డు స్థాపించినపుడు, దేశమందలి విశ్వవిద్యాలయములనుండి జాబులు వెల్లువగా వచ్చినవి. అతడు ఎదురుచూచిన జాబు తన రాష్ట్రపు విశ్వవిద్యాలయ శిక్షకుడు బిల్ బవర్‌మన్ చేతివ్రాతతో వచ్చినది. అతడు అచటికే పోయెను. 1970నుండి 1973వరకు వరుసగా నాలుగేండ్లు మూడు మైళ్ల (1972లో అయిదువేల మీటర్ల) పరుగున కళాశాలల జాతీయ విజేత యయ్యెను. ఆ బవర్‌మన్ తనవద్ద పరుగెత్తిన ఫిల్ నైట్ అను శిష్యునితో కలిసి 1964లో ప్రారంభించిన చెప్పుల వ్యాపారమే తరువాత నైకీ కంపెనీ యైనది. కళాశాల ముగిసిన పిదప ప్రిఫాంటేను ఔత్సాహిక క్రీడాకారుల చట్టములకు లోబడి, డబ్బు ముట్టుకొనరాని స్థితిలో బీదతనము ననుభవించుచు, ఆ చట్టములను నిర్భయముగా దూషించుచు, 1975 మే 30న మోటారు ప్రమాదమున 24వ యేట మరణించెను. అప్పటికి రెండు వేలనుండి పదివేల మీటర్ల వరకు గల అమెరికా రికార్డులు అతనివే.

ఇంతవరకు చెప్పినది మగపిల్లల చరిత్ర. ఆడపిల్లలకు గడియారము చూపుటకే పెద్దలు సమ్మతింపలేదు. 1928 ఆమ్‌స్టర్‌డాము ఒలింపిక్సులో ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తిన స్త్రీలు అలసిపోయిరను నెపముతో, ఆ పందెమును 1960వరకు తిరిగి పెట్టలేదు. పరుగు ముగించి మగవాడు పచ్చికపై వాలినచో వీరుడు. స్త్రీ వాలినచో అబల! శ్వేతజాతి కళాశాలలు స్త్రీల పోటీలను అనాగరికముగా తలంచిన దినములలో, దక్షిణాది నల్లజాతి కళాశాలలు రెండు ఆ భారమును వహించినవి. అలబామాలోని టస్కీగీలో క్లీవ్ ఆబట్ అను శిక్షకుడు 1927నుండి రిలే పందెములు నడపి బాలికలను తీర్చిదిద్దెను; అచట తయారైన ఆలిస్ కోచ్‌మన్ 1948లో ఎత్తు దూకుటలో గెలిచి, ఒలింపిక్ స్వర్ణము పొందిన మొదటి నల్లజాతి వనిత యయ్యెను.

రెండవది నాష్‌విల్ నగరమునందలి టెనెసీ రాష్ట్ర విశ్వవిద్యాలయము. అచటి శిక్షకుడు ఎడ్ టెంపుల్ వేసవి సెలవులలో ఉన్నత పాఠశాలల బాలికలను పిలిపించి సాధన చేయించుచుండెను. అతనికి గల మైదానము గీతలైనను లేని మట్టిబాట. పోటీలకు జట్టును తన సొంత కారులో తీసికొనిపోవుచుండెను; దారిలో తెల్లవారి హోటళ్లలో తిండి దొరకదు, కాలకృత్యములకు గూడ చోటీయరు. బాలికలకు క్రీడావేతనము లేదు. దినమునకు రెండు గంటలు విశ్వవిద్యాలయమున పని చేసిన జీతము చదువునకు చెల్లుచుండెడిది. క్లార్క్స్‌విల్ పట్టణపు విల్మా రుడాల్ఫ్ అను బాలిక పోలియో వ్యాధితో పన్నెండేండ్ల ప్రాయమువరకు కాలికి ఇనుప కట్టుతో నడచినది. ఆమె బాస్కెట్‌బాలు ఆడుచుండగా రిఫరీగా వచ్చిన టెంపుల్ చూచి, వేసవి శిబిరమునకు పిలిచెను. 1956 మెల్‌బోర్నులో పదునారేండ్ల పాఠశాల విద్యార్థినిగా రిలేలో కాంస్యము. 1960 రోములో కళాశాల విద్యార్థినిగా మూడు స్వర్ణములు! ఆ స్వర్ణ రిలేలో పరుగెత్తిన నలుగురును టెంపుల్ శిష్యురాండ్రే. అదే సంవత్సరమున ఓవెన్స్ దూకుడు రికార్డును దాటిన రాల్ఫ్ బోస్టన్ కూడ ఆ విశ్వవిద్యాలయపు విద్యార్థియే. కోట్లు వెచ్చించి మైదానములు కట్టుకొన్నవారు ఈ మట్టిబాట చరిత్రను చదువుట మంచిది. రుడాల్ఫ్ స్వగ్రామమున తన స్వాగత సభకు నల్లవారును తెల్లవారును కలిసి రానిచో తాను రానని పట్టుబట్టగా, ఆ పట్టణమున ఉభయజాతుల వారును కూడిన మొదటి ఉత్సవము జరిగినది.

1972 జూన్ 23న శాసనమైన విద్యాచట్టపు తొమ్మిదవ అధికరణము, ప్రభుత్వ ధనము పుచ్చుకొను విద్యాసంస్థలు స్త్రీపురుష భేదము పాటింపరాదని శాసించినది. అందు క్రీడ యను మాటయే లేదు. కాని దాని ప్రభావము క్రీడలపై పడినంతగా మరి దేనిపైనను పడలేదు. అప్పటికి అమెరికా ఉన్నత పాఠశాలల క్రీడలలో బాలురు 36 లక్షలకు పైగా ఉండగా, బాలికలు మూడు లక్షలైనను లేరు; నేడు వారు ముప్పది లక్షలు దాటిరి. స్త్రీల క్రీడలకై ప్రత్యేకముగా స్త్రీలే నడిపిన సంఘమొకటి 1971లో ఏర్పడి, మగవారి దురాచారములు అంటరాదని మొదట వేతనములనే నిషేధించినది. ఫ్లారిడాలోని విద్యార్థినులు న్యాయస్థానమున కెక్కగా 1973లో ఆ నిషేధము పోయినది. 1981నుండి ఎన్‌సీఏఏ వారే స్త్రీల పోటీలు కూడ నడపసాగుటతో ఆ సంఘము మరుసటి యేటనే అంతరించినది. స్త్రీలే శిక్షకులుగా, స్త్రీలే కార్యనిర్వాహకులుగా గల ఒక స్వతంత్ర రాజ్యము ఇట్లు విలీనమగుట లాభమో నష్టమో ఇంకను తేలలేదు.

ఇక వేతనముల లెక్క. మన తెలుగు తల్లిదండ్రులు పెక్కుమంది భ్రమపడు తావు ఇదియే. పరుగువాడనగానే చదువంతయు ఉచితమని తలంచుట సరి కాదు. ఎన్‌సీఏఏ మొదటి శ్రేణిలో చిరకాలము పురుషుల పరుగుజట్టునకు 12.6, స్త్రీల జట్టునకు 18 పూర్తి వేతనములు మాత్రమే పరిమితిగా నుండెను. క్రాస్ కంట్రీ, ఇండోరు, అవుట్‌డోరు పోటీలన్నియు అందులోనే. పరుగువారు, దూకువారు, విసరువారు కలిసి ముప్పది నలుబదిమంది యున్న జట్టునకు, పెద్ద పంక్తిలో చిన్న గిన్నెడు నేయిని వడ్డించినట్లు, శిక్షకుడు ఆ 12.6ను తలా కొంచెముగా పంచుచుండెను. ఒకనికి పుస్తకముల ఖర్చు, మరియొకనికి సగము చదువు రుసుము, పెక్కుమందికి చొక్కా మాత్రమే. మూడవ శ్రేణి కళాశాలలలో క్రీడకై వేతనమే లేదు.

ఉన్న కొలది స్థానములకును విదేశీయులు పోటీకి వచ్చుట పూర్వమే చెప్పితిని. 1956లో మెల్‌బోర్నున పదునైదు వందల మీటర్లు గెలిచిన ఐర్లండు యువకుడు రాన్ డెలానీ ఫిలడెల్ఫియా సమీపమునందలి విలనోవా విశ్వవిద్యాలయపు విద్యార్థి. కెన్యాకు చెందిన హెన్రీ రోనో వాషింగ్టను స్టేటు విద్యార్థిగా నుండి 1978లో 81 దినములలో నాలుగు ప్రపంచ రికార్డులు స్థాపించెను. మనవారిలో వికాస్ గౌడ 2006లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయము పక్షమున డిస్కసులోను, తేజస్విన్ శంకర్ 2018, 2022లలో కాన్సాసు స్టేటు పక్షమున ఎత్తు దూకుటలోను ఎన్‌సీఏఏ విజేతలైరి. వీరు పరుగువారు కారు గాని, వచ్చిన దారి అదియే. ఇట్టివారి రాకను దూషించుట నాకు సమ్మతము కాదు. ఇరువది మూడేండ్ల పరిణత వీరునితో పదునెనిమిదేండ్ల పాఠశాల పిల్లవాడు ఒకే స్థానమునకై పోటీపడవలసి వచ్చుట మాత్రము నిజమైన కష్టమే. 2018లో విద్యార్థులు ఒక కళాశాలనుండి వేరొక కళాశాలకు సులువుగా మారుటకు వీలు కల్పించిన పిదప, తెలియని బాలుని నాలుగేండ్లు పెంచుటకంటె తెలిసినవానిని తెచ్చుకొనుటకే శిక్షకులు మొగ్గుచున్నారు. రైయన్ వంటి అయిదున్నర నిమిషముల పిల్లవానిని ఓపికతో చూచు కన్ను అరుదగుచున్నది.

2021 జులైనుండి ఆటగాండ్రు తమ పేరును బట్టి డబ్బు సంపాదించుకొనవచ్చునను అనుమతి వచ్చినది. 2025 జూన్‌లో న్యాయస్థాన మామోదించిన ఒప్పందమువలన విశ్వవిద్యాలయములే ఆటగాండ్రకు ఆదాయమున పాలు పంచి యీయవచ్చును. 1852లో రైల్వే కంపెనీ ప్రారంభించిన పని చుట్టు తిరుగకుండ వాకిటిలోనికి వచ్చినదన్నమాట. ఆ ఒప్పందమున చేరిన కళాశాలలలో వేతనముల పరిమితి పోయి జట్టు సంఖ్యకు పరిమితి వచ్చినది: పరుగు, దూకుడు, విసరుటలు కలిసిన జట్టున 45 మంది, క్రాస్ కంట్రీలో 17 మంది. పూర్వము వేతనము లేకపోయినను చేరి సాధన చేసి, మూడవ యేట మెరసిన పిల్లలుండిరి. వారి స్థానమునే ఈ కొత్త లెక్క హరించినది. ధనికుడైన ఫుట్‌బాలు ఆటగానికి న్యాయము చేయు ప్రయత్నములో బీద పరుగువానికి తలుపు ఇరుకుచేసినారని నా తీర్పు.

డల్లాసు శివారులలోను, న్యూజెర్సీలోను నివసించు మన తెలుగువారి పిల్లలు పెక్కుమంది నేడు పాఠశాలల క్రాస్ కంట్రీ జట్లలో పరుగెత్తుచున్నారు. వారి తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఎన్‌సీఏఏ మొదటి శ్రేణిలో చేరుటకు ఉన్నత పాఠశాలలో నిర్ణీత విషయములు 16 పూర్తి చేసి యుండవలెను. వానిలో 10 పండ్రెండవ తరగతి ప్రారంభమునకు ముందే ముగియవలెను. ఆ లెక్క తొమ్మిదవ తరగతినుండియే మొదలగును. పిల్లవాని కాలములను వ్రాయు పుస్తకముతో పాటు, ఆ విషయముల పట్టికను గూడ తొమ్మిదవ తరగతినాడే బడి సలహాదారును అడిగి తెచ్చుకొనుడు.